గెలాక్సీ అరుగు మీద సంఘం

ఆ సందులో ఏ ఇంటి అరుగు చూసినా నల్లగా నిగనిగలాడుతుంది. కాస్త వంగి చూస్తే నలుపులో సన్నటి బంగారు రవ్వలు. బ్లాక్ గెలాక్సీ. ఎక్కడో దూరదేశంలో ఇదే రాయితో వంటగట్టు కట్టించుకున్నవాళ్లు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ దాన్ని చూపించి మురిసిపోతారు. చీమకుర్తిలో మాత్రం దాని మీద గోనెపట్టా పరుచుకుని ఎండుమిరపకాయల ముచ్చికలు తీస్తున్నారు. ఫ్యాక్టరీలో పలకలు కోశాక అంచుల్లో మిగిలినవి, విరిగినవి, గీత పడినవి చవగ్గా వస్తాయి. వాటితోనే అరుగులు, బట్టలుతికే బండలు, తులసికోట గట్టు, పెరట్లో పాదుల చుట్టూ అడ్డు. వ్యాపారంలో దీన్ని గ్రానైట్ అంటారు గానీ భూగర్భ శాస్త్రవేత్తల లెక్కలో ఇది గాబ్రో జాతి రాయి. ఆ బంగారు రవ్వలు బ్రాంజైట్ అనే ఖనిజం. అరుగు మీద కూర్చున్నవాళ్లకు ఈ సంగతితో పనిలేదు. మధ్యాహ్నం పన్నెండు దాటితే దాని మీద కూర్చోలేమన్నదే వాళ్లకు కావాల్సిన సంగతి.

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద సంతనూతలపాడు దాటాక, గొలుసులు కట్టిన రాతి దిమ్మెలతో ట్రైలర్లు ఎదురొస్తుంటాయి. చీమకుర్తి వెళ్తున్నానంటే ఎవరైనా క్వారీలు చూసి రమ్మంటారు. నేను వెళ్లింది నెలకోసారి ఈ అరుగు మీద చేరే పదిమంది ఆడవాళ్ల కోసం. పొదుపు సంఘం. ఆంధ్రలో ఇలాంటి సంఘం లేని వీధిని వెతుక్కోవాలి కాబట్టి ఇదేమీ వింత కాదు. వీళ్ల గురించి చెప్పిన టీచరమ్మ, నాకు చిన్ననాటి స్నేహితురాలు, ఒక్క మాటే అంది: "వాళ్ల పుస్తకం చూడు, తర్వాత వాళ్ల గిన్నెల అర చూడు."

పుస్తకం ముందే చూపించారు. తీర్మానాల పుస్తకం, పొదుపు పుస్తకం, అప్పుల పుస్తకం. ఎర్ర సిరాతో గీతలు, పది సంతకాలు. పదింట్లో ఒకటి ఇప్పటికీ వేలిముద్రే. సమావేశం తప్పకూడదు, పొదుపు తప్పకూడదు, పొదుపులోంచే లోపల అప్పులు ఇచ్చుకోవాలి, వాయిదా తప్పకూడదు, లెక్క రాయాలి. పంచసూత్రాలంటారు. లెక్కలు రాసే అమ్మాయి డిగ్రీ చదువుకుంది. తేడా వస్తే రూపాయి దగ్గర కూడా ఆగిపోతుంది. "అర్ధరూపాయికి కూడా ఊరుకోదు" అని వెనక నుంచి ఎవరో సణిగారు. "ఊరుకుంటే బ్యాంకోళ్లు ఊరుకుంటారా పిన్నీ?" అంది తల ఎత్తకుండానే.

సంఘంలో పెద్దావిడను అందరూ పెద్దమ్మా అనే పిలుస్తారు. వేలిముద్ర ఆవిడదే. ఆవిడకు సంఘమంటే సారా గొడవతో మొదలు. నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు సారాకు ఎదురుతిరిగింది 1992లో. రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దుకుంటూనే సారా గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు వాళ్లు. ఏడాది తిరిగేసరికి, 1993 అక్టోబరు 1న, రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత నెల్లూరు జిల్లాలోనే పొదుపులక్ష్మి పేరుతో రోజుకో రూపాయి దాచుకునే పద్ధతి ఊపందుకుంది. పక్క జిల్లా కబురు ఇక్కడికి రావడానికి ఎంతసేపు? "మా ఆయన తాగే డబ్బుల్లో రూపాయి మిగిలితే రూపాయి. హార్లిక్స్ సీసాలో వేసేదాన్ని" అంది పెద్దమ్మ. డ్వాక్రా పథకం అంతకు పదేళ్ల ముందు నుంచే ఉంది. సంఘాలను బ్యాంకులతో కలిపే పనిని నాబార్డు 1992లోనే మొదలుపెట్టింది. 2000లో వెలుగు పథకం వచ్చింది. ఇప్పుడు పట్టణాల్లో సంఘాల పని మెప్మా అనే ప్రభుత్వ సంస్థ చూస్తుంది. ఈ పేర్లన్నీ పెద్దమ్మకు కలగాపులగమే. ఆవిడ లెక్కలో హార్లిక్స్ సీసా కాలం ఒకటి, పాస్‌బుక్ కాలం ఒకటి.

ఇక గిన్నెల అర. మన ఇళ్లలో స్టీలు గిన్నె కొనగానే పేరు చెక్కించడం అలవాటు కదా. పెళ్లిలో వచ్చినదానికి ఇచ్చినవాళ్ల పేరు, తేదీ కూడా ఉంటాయి. నేను వెళ్లిన మొదటి ఇంటి వంటగదిలో అర మీద ఆరు గిన్నెలుంటే నాలుగింటి మీద ఇంటిపేర్లు నాలుగు రకాలు. ఇంటావిడ సిగ్గుపడుతూ నవ్వింది. "ఎవరిది ఎవరింట్లో ఉందో మాకే తెలీదు మేడం. చేపల పులుసు ఒక గిన్నెలో వస్తది. ఖాళీ గిన్నె ఎట్టా పంపుతాం? దాంట్లో గోంగూర పచ్చడి పోతది. ఆ గిన్నెలోనే ఆవిడ ఇంకోళ్లకు పప్పు పంపుద్ది." ఒక మూత మీద 1998 అని తేదీ ఉంది. అది ఎవరి పెళ్లి గిన్నెదో కనుక్కుందామని ముగ్గురు కాసేపు వాదించుకున్నారు. మూత తేలింది. గిన్నె మాత్రం తేలలేదు.

పుస్తకంలో రూపాయి తేడా పట్టుకునే ఈ మనుషులే గిన్నెల దగ్గర లెక్క వదిలేశారు. నాకు ఇందులో అమాయకత్వం కనిపించలేదు. దేనికి లెక్క రాయాలో దేనికి రాయకూడదో వీళ్లకు బాగా తెలుసు. పిల్లాడికి జ్వరమొస్తే రాత్రంతా తోడు కూర్చున్నది ఎవరో ప్రతి ఒక్కరికీ గుర్తుంది. దాన్ని కాగితం మీద పెడితే మాత్రం తీర్చాల్సిన బాకీ అయిపోతుంది.

పెరళ్లు చిన్నవి. రెండు మంచాలు వేస్తే నిండిపోయేవి కూడా ఉన్నాయి. అందుకని పంచుకున్నారు. ఒకింట్లో మునగచెట్టు, ఒకింట్లో కరివేపాకు, ఇంకోచోట దొండపాదు, మూలింట్లో ప్రహరీ పొడవునా చిక్కుడు. నీడ పట్టున బచ్చలి, బకెట్లలో గోంగూర. విత్తనాలు ఒకావిడ బూడిదలో కలిపి దాస్తుంది. నారు కావాలంటే ఆమె దగ్గరికే. దొండపాదు ఉన్నావిడ కరివేపాకు కొనడం నేరంగా చూస్తారిక్కడ.

రాతి ఊళ్లో తోట అంటే దుమ్ముతో గొడవ. రోడ్డు వెంట పాలిషింగు యూనిట్లు, ట్రైలర్లు. ఆకు మీద వేలు పెట్టి గీస్తే గీత పడుతుంది. దుమ్ము పట్టిన ఆకుకు ఎర్రనల్లి తొందరగా చేరుతుంది. అందుకే పొద్దున్నే పైపుతో ముందు ఆకు వెనక వైపు, తర్వాత పైన కడుగుతారు. చిక్కుడుకు పేనుబంక వస్తే పొయ్యి బూడిద, పుల్లమజ్జిగ. మూలింటి వెనక నీలం డ్రమ్ములో జీవామృతం ఉంది. ఇరవై లీటర్ల నీళ్లకు కిలో ఆవుపేడ, లీటరు మూత్రం, ఇరవై తులాల బెల్లం, అంతే శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. పెద్ద రైతు రెండొందల లీటర్లకు వేసే లెక్కనే పదో వంతుకు దించుకున్నారు. ప్రకృతి సేద్యాన్ని ప్రభుత్వం 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా ఈ మహిళా సంఘాల మీదుగానే ఊళ్లలోకి తెచ్చింది. డ్రమ్ము దగ్గర ముక్కు మూసుకున్న నన్ను చూసి ఇంటాయన, "నేను పడుకునేది దీని పక్కనే మేడం, ఆ కిటికీ" అన్నాడు. మీటింగు రోజు మగవాళ్లు ముందు గుమ్మం నుంచి రారు. బండి సందు చివర ఆపి, దొడ్డిదారిన లోపలికి పోయి, టీ కోసం కేకేయడానికి కూడా మొహమాటపడతారు. ఈ ఒక్క దృశ్యం కోసమైనా చీమకుర్తి వెళ్లొచ్చు.

మిర్చి దగ్గరికి వద్దాం. రెండు బస్తాలు పల్లామల్లి వైపు రైతు దగ్గర నేరుగా కొన్నారు. ఒకటి తేజ, ఒకటి బ్యాడిగి. తేజది ఘాటు, బ్యాడిగిది రంగు. కారంలో రెండూ ఏ పాళ్లలో కలపాలన్న దాని మీద పదిమందికి పన్నెండు అభిప్రాయాలు. "ఊరికే కూచోమాకమ్మా, నువ్వూ తియ్యి" అని నా ముందు ఒక కుప్ప తోశారు. కాయను ఎడమచేత్తో పట్టుకుని ముచ్చికను బొటనవేలి గోరుతో పక్కకు వంచాలి. పైకి లాగితే కాయ చీలి గింజలు రాలతాయి. మొదలుపెట్టే ముందు చేతులకు ఆముదం పట్టించారు. అయినా అరగంటకే వేళ్ల సందుల్లో మంట. వాళ్ల వేళ్లు మాత్రం కబుర్లలో పడి కళ్లతో పని లేకుండా నడుస్తున్నాయి. బడి నుంచి వచ్చిన పిల్లల్ని మూడిళ్ల అవతలికి తోలేశారు. ఘాటుకు తుమ్ముకుంటూ తిరుగుతారని. అక్కడ ఏ ఇంట్లో అన్నం ఉంటే ఆ ఇంట్లో తింటారట.

ఆ మూడో ఇంట్లో ఉండే అమ్మాయిది ఒడిశా, గంజాం జిల్లా. భర్త కటింగు ఫ్యాక్టరీలో పని. ఆధార్ మీద ఊరు వేరు, ఎప్పుడు ఎక్కడికి మారతారో తెలియదు. అందుకని సంఘంలో పేరు లేదు. అరుగు మీద మాత్రం చోటుంది. తెలుగు రెండేళ్లలో వచ్చేసింది. "వస్తా, పోతా, ఏంది, ఎందుకు. అంతే కదా తెలుగు" అని నవ్వించింది. ఆమెను వీధికి దగ్గర చేసినవి వడియాలు. ఒరియావాళ్లకూ మినప్పిండితో ఎండబెట్టే వడియాలున్నాయి, బొడి అంటారు. మొన్న శీతకాలంలో బూడిదగుమ్మడికాయ వడియాలు పెడుతుంటే వచ్చి నిలబడిందట. మనవాళ్లు ముక్కలకు ఉప్పు రాసి, రాత్రంతా గుడ్డలో మూటగట్టి బరువు పెడతారు. నీరంతా కారాక పొద్దున్న పిండిలో కలుపుతారు. బరువు, చెప్పక్కర్లేదు, గెలాక్సీ ముక్కే. ఆమె మాత్రం గుమ్మడికాయ తురిమి, పిండిని చేత్తో తెల్లగా నురగ తేలేదాకా గిలకొట్టింది. చిటికెడు పిండి నీళ్లలో వేసి తేలిందా లేదా చూసింది. తేలితేనే పెట్టాలట. "మా అత్తగారు చెప్పినా ఇంత గిలకొట్టలా నేను" అని ఒప్పుకుంది పెద్దమ్మ. ఆ వడియాలు మేడ మీద నల్లరాతి పలకల మీద ఎండాయి. ఆ ఎండకు కిందనుంచి రాయి సెగ కూడా తోడై, చాప మీద పెట్టినవాటికంటే తొందరగా గలగలమన్నాయట. నాకు నాలుగు వేయించి పెట్టారు. గుల్లగా, నూనె పీల్చకుండా ఉన్నాయి. మన పద్ధతివే నాకు ఇష్టం, ముక్క పంటికి తగలాలి. ఈ మాట అక్కడ అనలేదు.

అంతా తీపి కబుర్లే అనుకుంటే పొరపాటు. ఒకావిడ వాయిదాలు ఆపేసి, రెండేళ్లు ఈ అరుగు ఎక్కలేదు. భర్తకు క్వారీలో కాలు విరిగింది. ఇంట్లో పెళ్లి అప్పు. సంఘం అప్పంటే పదిమందీ బాధ్యులే. ఆమె వాయిదా మిగతా తొమ్మిదిమంది తలా ఇంత వేసి కట్టారు. కట్టారు గానీ మాటలన్నారు. "అన్నాం. అనకుండా ఎట్టా ఉంటాం? మా పిల్లల ఫీజుల డబ్బులు" అంది లెక్కలమ్మాయి తల్లి, దాపరికం లేకుండా. ఆ ఆవిడ కూడా అక్కడే ఉంది. వింటూ కాయలు వలుస్తూనే ఉంది.

ఇక్కడ నాకు 2010 గుర్తొచ్చింది. ప్రైవేటు మైక్రోఫైనాన్సు కంపెనీలు ఊళ్లలో పంచిన అప్పులు కూడా ఇలా గుంపు పూచీ మీదే ఇచ్చినవి. వసూలుకు వచ్చినవాళ్లు తోటి ఆడవాళ్లనే బాకీదారు గుమ్మం ముందు కూర్చోబెట్టారు. ఆత్మహత్యల దాకా పోయింది. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. పూచీ ఒకటే, పద్ధతీ దాదాపు ఒకటే. మరి ఇక్కడ తేడా ఎక్కడ? పొదుపు వీళ్లది, వడ్డీ తక్కువ, అది నిజమే. కానీ ఆ రెండేళ్లూ ఆమె ఇంటికి కరివేపాకు ఆగలేదట. మాటల్లేవు, ఆకు మాత్రం గోడ మీదుగా పోయింది. ఎవరు పంపారని అడిగితే ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి ఆమే తేల్చింది: "మా ఇంటి ఎనకమాల గోడ ఒక్కటే. ఆ గోడ అవతల కరివేపాకు చెట్టు ఒకళ్లింట్లోనే ఉండాది. ఇంకా అడగాలా?" లెక్కలమ్మాయి తల్లి కాయల్లోకి తల దించుకుంది. ఇప్పుడు పాత బాకీ నెలకు మూడొందల చొప్పున పుస్తకంలో తీరుతోంది, వడ్డీ లేకుండా. వడ్డీ వద్దని తీర్మానం రాశారు. పది సంతకాలున్నాయి, వేలిముద్రతో సహా.

రామతీర్థం జలాశయం చూసి వద్దామని లేచాను. సాగర్ కుడికాలువ నీళ్లు అక్కడికి చేరతాయి, ఊరికి దగ్గరే. "ఇప్పుడేముందక్కడ ఎండ తప్ప, కూచో, ఇంకా అసలు సంగతి తేలలా" అన్నారు. అసలు సంగతి మిర్చి పంపకం కాదు, ఒరియా అమ్మాయి కాన్పు. ఈ నెలాఖరుకు రోజులు. వాళ్లమ్మ రైలెక్కి రావడానికి వీలుకాదు. ఒంగోలు పెద్దాసుపత్రికి ఎవరు తోడు వెళ్లాలి, పెద్దపిల్లను ఎవరు చూసుకోవాలి, ఇంటికొచ్చాక పథ్యం వంట ఎన్నాళ్లు, ఎవరెవరు? పొదుపు లెక్కకు పట్టినదానికంటే దీనికే ఎక్కువసేపు పట్టింది. పథ్యంలో ఏం పెట్టాలన్న దాని మీద మళ్లీ రెండు పార్టీలయ్యాయి. బాలింతకు పాత బియ్యం, వెల్లుల్లి కారం అని పెద్దమ్మ. వాళ్ల పద్ధతి వాళ్లకుంటుంది, అడగాలి కదా అని లెక్కలమ్మాయి. అడిగితే ఆ అమ్మాయి, కారం మాత్రం బ్యాడిగిది వేయండి, తేజ వద్దు అంది.

లెక్కలమ్మాయి అలవాటుగా పెన్ను తీసి తీర్మానాల పుస్తకం తెరిచింది. పెద్దమ్మ దాన్ని చేత్తో మూసేసింది. "ఇది రాయమాక. మంగళారం వంతు నాది, అంతే."