దుబాయ్ పోతున్నారా? ఆ కొండలు కూడా ఎక్కి రండి

కొడుకు విజిట్ వీసా పంపిస్తానన్నాడా? మంచి మాట చెప్పారు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల, అటు లక్సెట్టిపేట, ఖానాపూర్, నిర్మల్... ఈ ఊళ్ళలో దుబాయ్‌తో చుట్టరికం లేని వాడ కనబడదు. నలభై, యాభై ఏళ్ళుగా మనవాళ్ళు అటు పోతూనే ఉన్నారు. పోయినవాళ్ళంతా పనికే పోయారు. ఇప్పుడు అక్కడ డ్రైవరుగా, ఫోర్‌మన్‌గా, ఆఫీసు ఉద్యోగిగా కాస్త నిలదొక్కుకున్న పిల్లలు "అమ్మా, బాపూ, ఒక్కసారి వచ్చి చూసి పోండి" అని పిలుస్తున్నారు. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించి, బ్యాగులు సర్దుకుని శంషాబాద్ దారి పట్టేముందు కాసేపు కూర్చోండి. చెప్పాల్సిన సంగతులు చాలా ఉన్నాయి.

అన్నిటికంటే ముందు చూసుకోవలసింది ఏ నెలలో పోవాలన్నది. "మే నెలలో రామగుండం ఎండ చూసినోళ్ళం, మాకు దుబాయ్ ఎండ ఒక లెక్కనా" అనేవాళ్ళను చాలామందిని విన్నాను. లెక్కే. మన దగ్గర నలభై అయిదు డిగ్రీలున్నా గాలి పొడిగా ఉంటుంది. చెమట ఆరుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. దుబాయ్ సముద్రం ఒడ్డున ఉంది. జులై, ఆగస్టులో గాలి నిండా తడి ఉండి చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు. అందుకే ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వం నిబంధన పెట్టింది. అలవాటు పడ్డ కూలీలకే అట్లా ఉంటే, చూడడానికి పోయిన మనకెట్లా ఉంటుంది? నవంబరు నుంచి మార్చి మధ్యలో పోండి. పగలు ఇరవై అయిదు డిగ్రీలకు అటూ ఇటూ, రాత్రి స్వెటర్ వేసుకునేంత చల్లదనం. ఆదిలాబాద్ చలి తెలిసినవాళ్ళకు అది హాయిగానే ఉంటుంది. మిరాకిల్ గార్డెన్, గ్లోబల్ విలేజ్ వంటివి కూడా చలికాలంలోనే తెరిచి ఉంటాయి.

రాబోయే కొన్నేళ్ళు రంజాన్ కూడా చలికాలంలోనే పడుతుంది. ఆ నెలలో పగలు నలుగురిలో తినడం, తాగడం మర్యాద కాదు. అయితే పని గంటలు రోజుకు రెండు తగ్గుతాయి కాబట్టి మీవాడికి మీతో గడపడానికి కొంచెం ఎక్కువ సమయం దొరుకుతుంది. రెండూ ఆలోచించుకుని టికెట్టు కొనండి.

ఇక బ్యాగు. సకినాలు పెట్టండి, గారెలు పెట్టండి, మామిడికాయ తొక్కు మూత గట్టిగా బిగించి పెట్టండి. గసగసాలు మాత్రం ఒక్క గింజ కూడా పెట్టొద్దు. అక్కా, ఇది నవ్వులాటకు చెబుతున్న మాట కాదు. మన కోడికూర మసాలాలో పడే గసగసాలు నల్లమందు మొక్క గింజలు. ఎమిరేట్స్‌లో అవి నిషిద్ధం, దొరికితే జైలు దాకా పోతుంది. ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో అవి కలిశాయేమో గుర్తు తెచ్చుకోండి. అనుమానం ఉంటే ఆ డబ్బా ఇంట్లోనే వదిలేయండి, మసాలాలన్నీ అక్కడ దొరుకుతాయి. గుట్కా ప్యాకెట్ల సంగతీ అంతే. మందుల విషయంలో ఇంకా జాగ్రత్త. బీపీ, షుగర్ గోళీలకు డాక్టరు చీటీ తప్పక వెంట ఉంచుకోండి. నొప్పులకు వాడే ట్రమడాల్, కొన్ని దగ్గు మందుల్లో ఉండే కోడీన్ అక్కడ కట్టడిలో ఉన్న మందులు. మోకాళ్ళ నొప్పికి మీరు మింగే గోళీ పేరు పిల్లలకు ముందే ఫోటో తీసి పంపండి. ఎవరైనా విమానాశ్రయంలో "మా తమ్ముడికి ఈ పొట్లం ఇవ్వండి" అంటే, ఊరివాళ్ళే అయినా, విప్పి చూడకుండా తీసుకోవద్దు.

మీవాడికి సెలవు ఏ రోజో ముందే అడిగి తెలుసుకోండి. 2022 జనవరి నుంచి అక్కడి ప్రభుత్వ ఆఫీసులకు శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం సగం రోజు పని. ప్రైవేటు కంపెనీల్లో ఒక్కోచోట ఒక్కో పద్ధతి. వారానికి ఒక్కటే సెలవున్న మనిషి ఆ రోజున బట్టలుతుక్కోవాలి, సామాన్లు తెచ్చుకోవాలి, ఇంటికి ఫోన్ చేయాలి. ఆ ఒక్క రోజు విలువ తెలిసి ప్లాన్ వేసుకోండి. దూరం పోయేవన్నీ ఆ రోజుకు పెట్టుకోండి, దగ్గరవి మీరే మెట్రోలో తిరగండి. మెట్రో 2009 సెప్టెంబరు 9న మొదలైంది. నోల్ కార్డు ఒకటి తీసుకుంటే రైలు, బస్సు అన్నిటికీ అదే. ఆడవాళ్ళకు, పిల్లలకు వేరే పెట్టె ఉంటుంది. లోపల తిన్నా, నీళ్ళు తాగినా నూరు దిర్హాంల జరిమానా. సకినాల సంచి విప్పొద్దు.

ఊళ్ళో ఏం చూడాలంటే అందరూ ముందు చెప్పేది బుర్జ్ ఖలీఫా. 828 మీటర్లు. 2004లో పని మొదలై 2010 జనవరి 4న తెరిచారు. 2021 అక్టోబరులో ఆ గోడ మీద మన బతుకమ్మ వెలిగింది. ఆ రోజు టీవీల ముందు కూర్చున్న మన ఆడబిడ్డల ముఖాలు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. టికెట్టు ముందే తీసుకుంటే తక్కువ, పొద్దుగూకే వేళకు ఎక్కువ. ఎక్కలేకపోయినా దిగులు లేదు. సాయంత్రం కింద ఫౌంటెన్ దగ్గర నిలబడితే పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు.

నన్నడిగితే దుబాయ్ అసలు ప్రాణం క్రీక్ దగ్గరుంది. బర్ దుబాయ్ నుంచి డేరాకు అబ్రా అనే చెక్క పడవలో ఒక్క దిర్హానికి దాటిస్తారు. ముత్యాల వేట, సరుకుల పడవలు, ఆ ఊరు పుట్టిన కథంతా ఆ నీళ్ళ మీదే నడిచింది. ఒక ఒడ్డున బంగారు బజారు, సుగంధ ద్రవ్యాల బజారు. అవతలి ఒడ్డున అల్ ఫహీదీ పాత ఇళ్ళు. ఆ ఇళ్ళ మీద గాలి బురుజులుంటాయి. కరెంటు లేని రోజుల్లో పై గాలిని పట్టి గదిలోకి దించే ఏర్పాటది. కాసేపు దాని కింద నిలబడి చూడండి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న దగ్గరికి వచ్చాను. ఎడారి అంటే ఇసుకే అనుకుని, జీపులో దిబ్బల మీద ఎగిరి వచ్చేస్తారు చాలామంది. నడుం నొప్పి, బీపీ ఉన్నవాళ్ళకు, గర్భిణులకు ఆ జీపు మంచిది కాదు. దాని బదులు ఒక రోజు హత్తాకు పోండి. దుబాయ్‌కి చెందిన ఊరే, కానీ నగరానికి సుమారు 130 కిలోమీటర్ల దూరంలో హజర్ కొండల మధ్య విడిగా ఉంటుంది. దుబాయ్ మాల్ దగ్గరి బస్టాండ్ నుంచి బస్సుంది. ఒమన్ సరిహద్దు పక్కనే కాబట్టి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. అక్కడ ఒక డ్యామ్. చుట్టూ చెట్టు లేని రాతి కొండలు, నడుమ పచ్చని నీళ్ళు. కరీంనగర్‌లో మానేరు డ్యామ్ కట్ట మీద సాయంత్రాలు గడిపినవాళ్ళు ఆ నీళ్ళ ముందు గంటలకొద్దీ నిలబడిపోతారు. పాత కోట, కావలి బురుజులు కూడా ఉన్నాయి.

నడక దారులకు రంగులు పెట్టారు. ఆకుపచ్చ తేలిక, నీలం దానికంటే కొంచెం కష్టం, ఎరుపు, నలుపు బాగా అలవాటున్నవాళ్ళకే. ఆకుపచ్చతో మొదలుపెట్టండి. ఆ కొండల రాయి ఒకప్పటి సముద్రం అడుగున ఉన్న నేల. కోట్ల ఏళ్ళ కిందట పైకి వచ్చింది. పగిలి, పదునెక్కి, కాలి కింద జారుతుంది. చెప్పులతో పోవద్దు, పట్టున్న బూట్లు కావాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు. చలికాలపు పొడి గాలికి చెమట పట్టినట్టే తెలియదు, దాహం వేసేసరికి ఆలస్యమైపోతుంది. కాబట్టి దాహం లేకున్నా తాగుతూ ఉండాలి. నీడ దొరకదు. జనవరిలో అక్కడ ఏడింటికి తెల్లవారుతుంది, అయిదుముప్పావుకు పొద్దు గూకుతుంది. మన గడియారం కంటే గంటన్నర వెనక కాబట్టి, ఊళ్ళో అయిదింటికి లేచే అలవాటున్న పెద్దలకు అక్కడ మొదటి రోజుల్లో మూడున్నరకే మెలకువ వస్తుంది. ఆ మెలకువను వాడుకోండి. తెల్లారకముందే బయలుదేరి పదకొండుకల్లా దిగి రండి.

వాన సూచన ఉంటే మాత్రం కొండ లోయల్లోకి అడుగు పెట్టొద్దు. బోడి రాయి నీళ్ళు పీల్చుకోదు. ఎక్కడో పైన కురిసిన వాన, మీ తల మీద ఎండ కాస్తుండగానే, వాగై మీద పడుతుంది. 2024 ఏప్రిల్ 16న కురిసిన వాన 1949 నుంచి ఉన్న లెక్కల్లో అన్నిటికంటే పెద్దది. పారుతున్న వాగులోకి బండి దింపితే అక్కడ నేరం. ఆపద వస్తే పోలీసుకు 999, అంబులెన్సుకు 998.

ఈ నడకకు తయారీ ఇక్కడే చేసుకోవచ్చు. పోయే నెల ముందు నుంచి ఎలగందుల కోట ఎక్కండి. 1905 దాకా మన జిల్లా కేంద్రం కరీంనగర్ కాదు, ఆ ఎలగందులే. అది అలవాటయ్యాక రామగిరి ఖిల్లా. ఆదిలాబాద్ వైపు వాళ్ళు కుంటాల జలపాతానికి మెట్లు దిగి ఎక్కి రండి. ఊపిరి, మోకాలు ఏమంటున్నాయో ఇక్కడే తెలిసిపోతుంది. కొత్త బూట్లు కూడా ఇక్కడే తొడిగి నడవండి, అక్కడికి పోయాక మొదటిసారి తొడిగితే బొబ్బలే.

కొండ ఎక్కలేనివాళ్ళకు అల్ ఐన్ అనే ఊరు ఉంది. దుబాయ్‌లోని అల్ ఘుబైబా బస్టాండ్ నుంచి బస్సు. అక్కడి ఖర్జూర తోటలో లక్షా నలభై వేలకు పైగా చెట్లు. నేల కింది కాలువల్లో కొండ నీళ్ళు తెచ్చి వంతుల ప్రకారం పారించారు. 2011లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మన ఊళ్ళలో చెరువు తూము దగ్గర నీరటి ఎవరి మడికి ఎంతసేపు పారించాలో చూసినట్టే అక్కడా చూశారు. వ్యవసాయం చేసిన పెద్దమనిషి ఎవరైనా వెంట ఉంటే ఆయన ఆ తోట వదిలి రాడు. పక్కనే జెబెల్ హఫీత్ కొండ, పైదాకా కారు దారి, కింద వేడినీటి ఊటలు.

చివరిగా ఒక్క మాట. దుబాయ్‌లో ఇరవై ఏళ్ళు పని చేసి వచ్చిన మనవాళ్ళను అడగండి, బుర్జ్ ఖలీఫా ఎక్కావా, హత్తా చూశావా అని. చాలామంది బస్సు కిటికీలోంచి చూశామంటారు. సైటు నుంచి క్యాంపుకు, క్యాంపు నుంచి సైటుకు. పై అంతస్తు టికెట్టు కూలి మనిషికి కొన్ని రోజుల జీతం, ఆ డబ్బు ఇంటికి పంపడమే ఆయనకు ముఖ్యం. ఆ మేడలు లేపిన చేతుల్లో మన జిల్లాల చేతులూ ఉన్నాయి, వాళ్ళకు ఆ ఊరిని తీరిగ్గా చూసే రోజు రాలేదు.

అందుకని పోయే ముందు మీ వాడలో ఎవరెవరి పిల్లలు అక్కడ ఉన్నారో కనుక్కోండి, ఫోన్ నంబర్లు రాసుకోండి. మీవాడి సెలవు, వాళ్ళ సెలవు కలిసే రోజు చూసుకుని హత్తా బస్సులో ఇంకో రెండు టికెట్లు ఎక్కువ తీయండి. అన్నం మూట ఇంట్లోంచే కట్టుకుపోండి. ఆ పిల్లలను వెంట తీసుకుపోయి, డ్యామ్ దగ్గర కూర్చోబెట్టి తినిపించండి, ఫోటో తీసి వాళ్ళమ్మకు పంపండి.