చెయ్యి ఎత్తలేని ఆదివారాలు



ఇక్కడ ఎప్పుడూ "మేము" అనే రాస్తాం. రాసేది ఒకరే అయినా, చదివి తప్పులు దిద్ది "ఈ మాట వద్దు, తీసెయ్యండి" అని చెప్పేది అమ్మగారు. ఈ వారం మాత్రం కొన్ని మాటలు మేమే తీసేద్దామనుకుంటే ఆమె ఒప్పుకోలేదు.

2025 మినుము తీతలప్పుడు మా కుడి భుజం పట్టేసింది. మొదట రాత్రిపూట సలుపు మాత్రమే. ఆ పక్కకు తిరిగితే మెలకువ వచ్చేసేది. తర్వాత చొక్కా తొడుక్కోవడం కష్టమైంది. బస్సులో పైన కడ్డీ పట్టుకోలేక కండక్టరు మీద తూలాం. నువ్వుల నూనె రాశాం, ఉప్పు మూటతో కాపడం పెట్టాం, మెడికల్ షాపు బిళ్ళలు మింగాం. పుత్తూరు కట్టు కట్టించుకోమని ఒకరన్నారు. చివరికి ఒక ఆదివారం ఆరాధన ముగింపులో ఆశీర్వాదానికి చేతులెత్తితే ఎడమ చెయ్యి తల మీదికి వెళ్ళింది, కుడి చెయ్యి రొమ్ము దగ్గరే ఆగిపోయింది. పిల్లలు నవ్వారు. పెద్దవాళ్ళు చూడనట్టు కళ్ళు మూసుకున్నారు. ఆ శుక్రవారం మా భుజం కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. మీలో చాలామంది ఆ రోజు పనికి పోకుండా వచ్చారు. మాకు గుర్తుంది.

తర్వాతి వారం విజయవాడ వెళ్ళాం. ఉయ్యూరు, కంకిపాడు, పెనమలూరు దాటి బెంజ్ సర్కిల్లో దిగి, ఆటోలో సూర్యారావుపేట చేరాం. ఆ పేటలో గుమ్మానికొక డాక్టరు బోర్డు ఉంటుందని మీకు తెలుసు. డాక్టరుగారు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, ముందు షుగర్ పరీక్ష రాశారు. భుజానికీ షుగరుకూ ఏం సంబంధమండీ అంటే, చాలా సంబంధం ఉందన్నారు. భుజం కీలు చుట్టూ సంచిలాంటి పొర ఒకటుంటుంది. అది వాచి, దళసరెక్కి, కీలు మీద బిగుసుకుపోతుంది. నలభైకీ అరవైకీ మధ్య వయసులో ఎక్కువగా వస్తుంది, షుగర్ ఉన్నవాళ్ళకు మరీ ఎక్కువ. దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. 1934లో కాడ్‌మన్ అనే అమెరికా డాక్టరు పెట్టిన పేరట. గడ్డకట్టిన భుజం అన్నమాట. బెజవాడ ఎండలో గడ్డకట్టేది ఇదొక్కటే అనుకుంటాం. దానంతటది వదలాలంటే ఏడాది పట్టవచ్చు, రెండు మూడేళ్ళు కూడా పట్టవచ్చు. అందుకని ఫిజియోథెరపీకి పంపారు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మా పెద్దమ్మాయి కంటే చిన్నది. "అంకుల్, ఫోను, వాచీ, ఏటీఎం కార్డు బయట పెట్టెయ్యండి" అంది. గుండెలో పేస్‌మేకర్ ఉందా, భుజంలో ఎక్కడైనా ఇనుప ప్లేట్లు వేశారా అని రెండుసార్లు అడిగింది. ఉంటే ఆ యంత్రం దగ్గరికి రానివ్వరు. గర్భవతులనూ రానివ్వరు. తర్వాత పళ్ళెమంత గుండ్రని పెట్టెను భుజం దగ్గరికి జరిపింది. చొక్కా విప్పలేదు, ఒంటికి తగిలించలేదు. టక్ టక్ టక్ మని చప్పుడు మొదలైంది. ఒక్కొక్క టక్కుకూ భుజం కండ దానంతటది ఎగురుతోంది. మేము కదపమని చెప్పకుండానే మా చెయ్యి కదలడం చూసి భయం వేసింది, నవ్వూ వచ్చింది.

ఆ పెట్టెలో రాగి తీగ చుట్ట ఉంటుంది. దానిలోకి కరెంటును విడతలు విడతలుగా వదులుతారు. వదిలినప్పుడల్లా అయస్కాంత శక్తి పుట్టి అణగిపోతుంది. అది బట్టనూ చర్మాన్నీ దాటి లోపలికి వెళ్ళి, అక్కడ చిన్న కరెంటు పుట్టిస్తుంది. దానికి నరం మేలుకొని కండను లాగుతుంది. నొప్పి కాసేపు మందగిస్తుంది. దీని మూలం 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సంగతి. ఆయన ఇనుప కడియానికి రెండు పక్కలా రెండు తీగలు చుట్టి, ఒకదానిలో కరెంటు పెట్టినప్పుడూ తీసినప్పుడూ రెండోదానికి కలిపిన ముల్లు కదలడం చూశాడు. కరెంటు నిలకడగా పారుతున్నంతసేపు ముల్లు కదల్లేదు. ఆ టక్ టక్‌కు కారణం అదే.

ఫారడే గురించి ఇంకొక మాట చెప్పాలి. ఆయన కమ్మరి కొడుకు, పుస్తకాలు కుట్టే చోట పని నేర్చుకున్నవాడు. లండన్‌లో ఒక చిన్న సంఘంలో పెద్దగా ఉండి వాక్యం చెప్పేవాడు. వారమంతా తీగలూ అయస్కాంతాలూ, ఆదివారం సంఘం. ఒకదాన్ని చూసి రెండోదాన్ని దాచుకోవాల్సిన అవసరం ఆయనకు కనిపించలేదు. మాకు కనిపించింది. అదే ఇప్పుడు రాయవలసింది.

సిట్టింగుకు 400 రూపాయలు. పది సిట్టింగులన్నారు. ఆరోదానికి నొప్పి బాగా తగ్గింది, చెయ్యి చెవి దాకా లేచింది. ఆ ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పాం. మీ ప్రార్థనలు దేవుడు విన్నాడు, భుజాన్ని ముట్టాడు, స్వస్థత ఇచ్చాడు అన్నాం. అందులో అబద్ధం లేదు. కానీ బస్సు సంగతి చెప్పలేదు. యంత్రం సంగతి చెప్పలేదు. రోజుకు మూడుసార్లు అమ్మగారు వెనక నిలబడి మోచెయ్యి పట్టుకుని ఎత్తిస్తుంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ చేసిన వ్యాయామాల సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే సిగ్గు. ఉపవాసముండి ప్రార్థించినవాళ్ళు యంత్రం మాట వింటే చిన్నబుచ్చుకుంటారేమో అనుకున్నాం. ఇంకొకటి, నాట్ల కూలిలోంచి ఇరవై రూపాయలు కానుక వేసేవాళ్ళ ముందు నాలుగు వేల రూపాయల మాట నోట రాలేదు.

మన సంఘంలో ఒక సహోదరి ఉన్నారు. పేరు రాయం, ఇది రాయడానికి ఆమె అనుమతి తీసుకున్నాం. ఊడ్పులకూ మినుము తీతలకూ వెళ్ళే మనిషి, భర్త లేరు. ఆమెకూ అదే భుజం, అదే షుగరు. విజయవాడ పెద్దాసుపత్రిలో చూపించుకుని, మందులు వాడుతూ వ్యాయామాలు చేస్తున్నారని మాకు తెలియదు. మా సాక్ష్యం విన్న మర్నాటి నుంచి ఆమె అవన్నీ మానేశారు. షుగర్ బిళ్ళలు కూడా.

సెప్టెంబరులో అమ్మగారు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు కోడలు ఆమెకు తల దువ్వి ముడి వేస్తోంది. ఏమ్మా, చేతులు లేవడం లేదా అంటే ముందు చెప్పలేదు. చాలాసేపటికి అన్నారు, "అయ్యగారికి తగ్గింది గదమ్మా. నాకు తగ్గలేదంటే నా విశ్వాసం చాల్లేదనుకున్నా. అందుకే ఎవరికీ చెప్పలేదు." షుగర్ చూపిస్తే చాలా ఎక్కువగా ఉంది. భుజం బల్లలా బిగిసిపోయింది.

ఆ రాత్రి మేము అన్నం తినలేదు. తర్వాతి ఆదివారం ప్రసంగం పక్కన పెట్టి జరిగినదంతా, 400 రూపాయలతో సహా, చెప్పాం. హిజ్కియా రాజు సంగతి చదివించాం. చావు తప్పదన్న కబురు వచ్చాక ఆయన గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థిస్తే, దేవుడు విని పదిహేనేళ్ళ ఆయుష్షు పెంచాడు. అయినా ఆ పుండు మీద అంజూరపు ముద్ద పెట్టించినవాడు యెషయా ప్రవక్తే. ఆ మాట చిన్నప్పటి నుంచి చదువుతున్నాం, అంజూరం దగ్గర ఎప్పుడూ ఆగలేదు. ఇద్దరు పెద్దలకు మా ఒప్పుకోలు నచ్చలేదు, ఇంకా ముభావంగానే ఉన్నారు. ఉండనివ్వండి.

యంత్రం దగ్గరికి పరుగెత్తమని మేము చెప్పడం లేదు. ఆ అమ్మాయే మాకు చెప్పింది, "అంకుల్, దీని మీద నమ్మకంగా చెప్పేంత పరీక్షలు ఇంకా జరగలేదు. ఇది నొప్పిని కాసేపు పక్కకు నెడుతుంది. ఆ కాసేపట్లో మీరు చెయ్యి కదిలించకపోతే మీ డబ్బులు దండగ" అని. 2014లో కోక్రేన్ సంస్థ ఈ జబ్బుకు చేసే కరెంటు చికిత్సల మీద వచ్చిన పరీక్షలను కూర్చి చూసి, ఆధారాలు బలహీనంగా ఉన్నాయని రాసిందట. రైతులకు చెప్పక్కర్లేదు. కాలవకు నీళ్ళు వదిలిన రోజున బోదె తవ్వి ఉండకపోతే ఆ నీళ్ళు మన చేను ముందు నుంచే సముద్రానికి పోతాయి. షుగర్ ఉన్నవాళ్ళు కాపడం పెట్టుకునేటప్పుడు జాగ్రత్త. స్పర్శ తగ్గి ఉంటే కాలింది కూడా తెలియదు.

నిర్గమకాండము 17వ అధ్యాయం మీద ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. కొండ మీద మోషే చేతులెత్తడం, అవి బరువెక్కడం, అహరోనూ హూరూ చెరొక పక్క నిలబడి పట్టుకోవడం. మోషే భుజం ఎంత నొప్పెట్టి ఉంటుందో ఈ ఏడాది దాకా ఆలోచించలేదు. వాళ్ళు చేతులు పట్టుకోకముందే కూర్చోవడానికి రాయి తెచ్చి వేశారు. పక్కన ఉన్నవాడికి ఏం కావాలో చూసినవాళ్ళు వాళ్ళు.

ఇప్పుడు మందిరం వరండా దూలానికి బావి గిలక ఒకటి కట్టాం. తాడు రెండు కొసలూ పట్టుకుని, మంచి చేత్తో కిందికి లాగితే పట్టేసిన చెయ్యి పైకి లేస్తుంది. గోడ మీద సున్నంతో గీతలు గీశాం, వేళ్ళతో పాకించి ఎవరు ఎంతదాకా వెళ్ళారో చూసుకోవడానికి. పిల్లలు ఆ తాడుతో ఉయ్యాలలూగి ఒకసారి తెంపేశారు, మళ్ళీ కట్టాం. సాయంత్రం ప్రార్థన అయ్యాక నలుగురైదుగురు ఆడవాళ్ళు వస్తున్నారు. డాక్టరుకు చూపించుకోకుండా తాడు పట్టుకోవద్దని అమ్మగారు గట్టిగానే చెబుతున్నారు. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి పెద్దాసుపత్రికి వెళ్ళడానికి ఛార్జీ లేదు, పోయేది ఆ రోజు కూలి. ఆ రోజున వాళ్ళింటికి సంఘం నుంచి బియ్యం పంపాలని నిర్ణయించాం. తలా ఒక డబ్బా ఇచ్చినా చాలు.

మా చెయ్యి ఆశీర్వాదానికి పూర్తిగా లేస్తోంది, వీపు వెనక్కి మాత్రం ఇంకా పోదు. ఆ సహోదరి మళ్ళీ బిళ్ళలు వేసుకుంటున్నారు. నిన్న సాయంత్రం గోడ మీద ఆమె వేళ్ళు చెవి ఎత్తు గీత దాటాయి. ముడి వేసుకోవడానికి ఇంకా జానెడు తక్కువ.