నోరులేని నేస్తాల కడుపు బాధ

వార్షికోత్సవ సంచికకి రాయమంటే చాలామంది క్రమశిక్షణ గురించో, చదువు గురించో రాస్తారు. నేను మెస్ వెనకాల తిరిగే కుక్కల కడుపు గురించి రాస్తున్నాను. నవ్వకండి. వాటి కడుపులోకి వెళ్లేది మన కంచంలో మిగిలిందే కదా!

మా అమ్మ వ్యవసాయ కూలీ. మాకు రెండు మేకలుండేవి. మేకపిల్ల పారుకుంటే ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సయించేది కాదు. అది పోతే నా పుస్తకాల డబ్బు పోయినట్టే. "నోరులేని జీవం, అది చెప్పదురా, మనమే కనిపెట్టుకోవాలి" అనేది అమ్మ. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. ఇప్పుడు జంతుశాస్త్రంలో పీజీ చేస్తున్నా, ఆ పాఠం మొదట చెప్పింది అమ్మే.

నేను ఇంటర్‌లో ఉండగా మన ఆవరణలో పుట్టిన రెండు కుక్కపిల్లలకి వాంతులు, నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. "వీధికుక్కకి వైద్యమేంటిరా, కాలవ గట్టున వదిలేసి రండి" అన్నాడొక పెద్దాయన. ఆ మాట మాకు గుచ్చుకుంది. 'వీళ్లకెందుకు' అనే మాట మనం కూడా వినే పెరిగాం కదా! నలుగురం తలా పది రూపాయలు వేసుకుని, గోనెసంచిలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి మోసుకెళ్లాం. డాక్టరు గారు పార్వో అన్నారు, సెలైన్ పెట్టారు. ఒకటి ఆ రాత్రే పోయింది. రెండోది నాలుగో రోజున లేచి గంజి తాగింది.

పార్వో వైరస్‌ని 1978లో గుర్తించారు. అది పేగుల లోపలి పొరను పాడుచేస్తుంది. నేలలో నెలల తరబడి బతుకుతుంది. మనుషులకి మాత్రం అంటదు. 6-8 వారాల వయసులో మొదలుపెట్టి 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి టీకా వేయించాలి.

ప్రతి వాంతీ పార్వో కాదు. పెద్ద కుక్క ఒకసారి కక్కి, మళ్లీ హుషారుగా ఉంటే ఒక పూట తిండి ఆపి, కొంచెం కొంచెంగా నీళ్లివ్వండి. తర్వాత ఉప్పూకారం లేని మెత్తటి అన్నం పెట్టండి. పాలు వద్దు, చాలా కుక్కలకీ పిల్లులకీ అవి అరగవు. ఉడికిన కోడి ఎముకలు విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి వాటి నెత్తురుకి చేటు. మన జ్వరం బిళ్ల పారాసిటమాల్ పిల్లి ప్రాణమే తీస్తుంది. నెత్తురు పడినా, వాంతులు ఆగకపోయినా, చిన్నపిల్ల నీరసించినా ఇంటివైద్యం వద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

కడుపు జబ్బంటే చిన్నచూపు కూడదు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములు స్ప్రూ అనే కడుపు జబ్బుతోనే పోయారు. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ ఆ జబ్బుకే మందుగా పనికొచ్చింది. ఇంట్లో చూసిన బాధని చదువుతో ఎదుర్కోవడమంటే అదీ!

తమ్ముళ్లూ, చికెన్ పెట్టిన రోజున ఎముకలు వేరే డబ్బాలో వేయండి. కుక్కల కడుపులోని నులిపురుగులు మనకీ అంటుకోగలవు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఈ వేసవిలో మెస్ బయట ఒక మూకుడుతో నీళ్లు పెట్టండి.