రెండువందల మీటర్లు

సూరత్ పేరు వినగానే తెలుగువారికి నేత జ్ఞప్తికి వచ్చును. తెలంగాణమునుండి పద్మశాలి కుటుంబములెన్నో తపతీ తీరమునకు తరలిపోయి, అక్కడి మరమగ్గములను నమ్ముకొని బ్రతికినవి. ఒరిస్సాలోని గంజామునుండియు, బీహారునుండియు, ఉత్తరప్రదేశమునుండియు వచ్చిన యువకుల సంగతియు అంతే. వారిలో పెక్కుమంది ఆలుబిడ్డలను ఊళ్లలో విడిచి వచ్చినవారు. ఒక్క గదిలో పదిమంది కాపురము. పగటిపాళీవారు లేవగానే రాత్రిపాళీవారు అదే చాపమీద నడుము వాల్చుట. ఇట్టి నగరములో చక్లా బజారువంటి వీధి ఏర్పడుట వింత కాదు. గుజరాతీలో చక్లా అనగా వీధుల కూడలి. హిందుస్తానీలో ఆ మాటకే వేశ్యవాటిక అని అర్థము. రెండు భాషలును ఆ వీధికి సరిగ్గా అమరినవి.

2003లో పోలీసులు ఆ వీధిని ఖాళీ చేయించుటకు పూనుకొన్నారు. దాడులు జరిగినవి, తలుపులు మూతపడినవి, స్త్రీలు చెదిరిపోయినారు. ఇంతవరకు ఏ నగరములోనైన జరుగు కథయే. సూరత్‌లో జరిగిన విశేషమేమనగా, ఆ స్త్రీలు సహయోగ్ మహిళా మండల్ అను సంఘము పేర గుజరాత్ హైకోర్టు మెట్లెక్కినారు. వారి వాదము కరుణమీద నిలిచినది కాదు, రాజ్యాంగముమీద నిలిచినది. తమకును ఇల్లు కలదనియు, ఆ ఇంటిలో ఏకాంతమునకు తమకును హక్కు కలదనియు, బ్రతుకుతెరువు అను మాట తమకును వర్తించుననియు వారు చెప్పుకొన్నారు.

మన భాషలో ఈ స్త్రీలకు పేర్లకేమి కొదువలేదు: వేశ్య, వెలయాలు, సాని, వారకాంత. అన్నియు ఒరులు పెట్టినవే. కలకత్తా సోనాగాచిలోని స్త్రీలు తమకై తాము ఎన్నుకొన్న పేరు ‘యౌనకర్మి’. అందులో కవిత్వము లేదు. పనిచేయు మనిషి మాత్రమున్నది. కావ్యములు వెలయాలి కన్నులను ఎంతో తీరికగా వర్ణించినవి గాని, ఆమె ఇంటి అద్దె ఎవరికి కట్టుచున్నదో, ఆలస్యమైన ఏమగునో విచారించిన కవి అరుదు.

చట్టము సంగతి కొంత చెప్పక తప్పదు. 1956లో వచ్చి, 1986లో సవరణ పొంది, అనైతిక వ్యాపార నిరోధక చట్టమని పేరుపడిన శాసనము, వయసువచ్చిన స్త్రీ తన ఇష్టమున ఏకాంతమున సాగించు వృత్తిని నేరమనదు. దాని చుట్టునున్న సమస్తమును నేరమనును: గృహము నడుపుట, ఆ సంపాదనపై మరొకరు బ్రతుకుట, బాటసారిని పిలుచుట. ఏడవ సెక్షను మరియొక గీత గీచినది. గుడి, మసీదు, బడి, విద్యార్థి వసతిగృహము, ఆసుపత్రి, పోలీసు కమిషనరు ప్రకటించు ఇతర బహిరంగస్థలము, వీనికి 200 మీటర్లలోపల ఈ వృత్తి శిక్షార్హము.

పాతనగరములలో తిరిగినవారికి ఈ కొలత అర్థమగును. గుడి దాటిన దర్గా, దర్గా ప్రక్కన బడి, బడికెదురుగా వైద్యుని ఆసుపత్రి. ప్రతిదానిచుట్టును 200 మీటర్ల వృత్తము గీచుచు పోయిన పటమంతయు నిండిపోవును. ఏకాంతమున నేరము కాదని చట్టము చెప్పిన పని, ఏ గదిలో చేసిన నేరము కాకుండునో చూపుటకు ఊరిలో చోటు మిగులదు. సంఘము ఈ సెక్షన్నే ప్రశ్నించినది. ఇట్టి కేసులను పోలీసులు స్వయముగా చేపట్టుటకు వీలిచ్చు 14వ సెక్షనును కూడ ప్రశ్నించినది. 2004లో హైకోర్టు ఆ వాదమును త్రోసివేసినది. సెక్షన్లు రాజ్యాంగసమ్మతములే అనియు, ఏకాంతహక్కు ఈ వృత్తికి కవచము కాజాలదనియు తీర్పయినది.

ఇట్లు న్యాయస్థానమునకు వెళ్లినవారిలో సూరత్ స్త్రీలు మొదటివారు కారు. 1958 మే 1వ తేదీన, చట్టము అమలులోనికి వచ్చిన దినముననే, అలహాబాదులో హుస్నాబాయి అను ఇరువది నాలుగేండ్ల స్త్రీ హైకోర్టులో పిటిషను వేసినది. తన వృత్తిహక్కును, తనపై ఆధారపడినవారి పోషణను ముందుంచినది. ఆమెపై ఇంకను ఏ చర్యయు జరుగలేదను కారణమున పిటిషను నిలువలేదు. తరువాత కాన్పూరుకు చెందిన కౌసల్య మొదలగువారి కేసు సుప్రీంకోర్టు వరకు పోయినది. ఇట్టి స్త్రీని ఒక ప్రాంతమునుండి తొలగించుటకు మేజిస్ట్రేటుకు అధికారమిచ్చు 20వ సెక్షను చెల్లునని 1963లో తీర్పు వచ్చినది.

ఆ తీర్పు వ్రాసినది మన రాజమహేంద్రవరమువాడైన కోకా సుబ్బారావు. తెలుగు పాఠకుడు ఇక్కడ కొంచెము ఆగవలసియున్నది. అంతకు పది నెలల ముందు, 1962 డిసెంబరులో, ఖరక్‌సింగు కేసులో, అర్ధరాత్రి పోలీసులు తలుపుతట్టుట విచారణకు రాగా, ఏకాంతము వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమని చెప్పి, తక్కిన ఎక్కువమంది న్యాయమూర్తులతో విభేదించినదియు ఆయనయే. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకాంతమును ప్రాథమికహక్కుగా గుర్తించినపుడు ఆయన మాటయే నెగ్గినది. ఆ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన ఉంచి చదివినవారికి, అంతటి స్వేచ్ఛాప్రియుని దృష్టికి సయితము ఖరక్‌సింగు తలుపు కనబడినట్లు కౌసల్య తలుపు కనబడలేదనిపించును. సూరత్ సంఘము 2004లో తట్టినది ఆ తలుపునే. 2017 నాటి తీర్పు అప్పటికి లేదు.

వీధి పోయిన పని పోవునా? పోదు, చీకటిలోనికి పోవును. లాడ్జీలకును, దూరపు బస్తీల అద్దెగదులకును చేరిన స్త్రీని వెదకిపట్టుకొనుట ఆరోగ్యకార్యకర్తకు కష్టము. హెచ్.ఐ.వి. నివారణలో ఒక స్త్రీ చెప్పినమాట మరొక స్త్రీ వినుటయే ప్రధానమైన సాధనము. దానికి పొరుగిల్లు కావలెను, పిలిచిన పలుకు దూరము కావలెను.

ఈ సత్యమును ముందుగా గ్రహించినది కలకత్తా. 1992లో డాక్టరు స్మరజిత్ జానా సోనాగాచికి ఆరోగ్యపరిశీలనకు వెళ్లి, ఆ స్త్రీలనే కార్యకర్తలుగా చేర్చుకొన్నాడు. 1995లో దర్బార్ మహిళా సమన్వయ కమిటీ వెలసినది. అదే యేట ఉషా సహకార సంఘమును పెట్టబోగా, సభ్యులకు సత్ప్రవర్తన ఉండవలెనను నిబంధన అడ్డు వచ్చినది. గృహిణులమని వ్రాయించుకొనుడని సలహా చెప్పినవారున్నారు. ఆ స్త్రీలు అంగీకరింపలేదు, నిబంధనయే మారినది. అప్పునకు అబద్ధమాడుట అలవాటైన మన మధ్యతరగతివారికి ఈ పట్టుదల అర్థమగుట కష్టము.

2011లో, కలకత్తాలో ఒక స్త్రీ హత్యకు సంబంధించిన బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసును సుప్రీంకోర్టు ప్రజాహిత వ్యాజ్యముగా మార్చి ఒక సంఘమును నియమించినది. అందులో దర్బార్ ప్రతినిధికిని స్థానము దొరికినది. ఆ సంఘము పది సిఫార్సులు చేసినది. 2022 మే 19న న్యాయస్థానము ఆరింటిని వెంటనే అమలుపరచుమని రాష్ట్రములను ఆదేశించినది: పోలీసులు మర్యాదగా మెలగవలెను, నిరోధ్ తొడుగులను నేరమునకు సాక్ష్యముగా చూపరాదు, రక్షణగృహములలో ఇష్టములేక నిర్బంధింపబడిన వయోజన స్త్రీలను విడుదల చేయవలెను. తక్కిన నాలుగింటిపై కేంద్రప్రభుత్వము సందేహములు తెలిపినందున అవి ఆ ఆదేశములో చేరలేదు. దాడులలో ఈ స్త్రీలను నిర్బంధింపరాదను సిఫార్సు వానిలో నొకటి. తమనుగూర్చిన పథకములను, చట్టములను తలపెట్టునపుడు తమను కూడ ఆ చర్చలో కూర్చుండబెట్టవలెనను ఎనిమిదవ సిఫార్సు మరియొకటి.