ఆకు అడిగితేనే ఎరువు

అత్తయ్య పోయిన ఆరు నెలలకు మామయ్యగారు పొలం కౌలుకిచ్చి విజయవాడలోని మా ఫ్లాటుకు వచ్చేశారు. తెనాలి దగ్గర పల్లెలో 40 ఏళ్లు వరి పండించిన మనిషి. ఇక్కడేముంది? పొద్దున పేపరు, సాయంత్రం బాల్కనీ. ఏమడిగినా 'బానే ఉందమ్మా' అనేవారు. అంతకు మించి మాట ఉండేది కాదు.

అదే ఏడాది మా అబ్బాయి పుట్టినరోజుకు రెండడుగుల అక్వేరియం కొన్నాం. సుమారు 50 లీటర్ల నీళ్లు పడతాయి. షాపతను నీలం, గులాబీ రంగు రాళ్లు పరిచి, నాలుగు గప్పీలు, రెండు మోలీలు, గుప్పెడు నీటిమొక్కలు సర్ది ఇచ్చాడు. చేపలు హుషారుగానే ఉన్నాయి. మొక్కలే మూడోవారానికి పసుపెక్కి కుళ్లడం మొదలెట్టాయి. 'తాతయ్యా, నువ్వు రైతువి కదా, వీటిని బతికించవూ' అన్నాడు మావాడు.

ఆ మాటతో ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. నేనూ సంతోషించాను.

మూడోరోజు పొద్దున చూస్తే రెండు గప్పీలు, ఒక మోలీ తేలి ఉన్నాయి. మిగిలినవి నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మావాడు ఒకటే ఏడుపు. మామయ్యగారు మంచినీళ్లు కూడా తాగకుండా కుర్చీలో కూర్చుండిపోయారు. చాలాసేపటికి, 'వరికి చల్లినట్టే చిటికెడు యూరియా వేశానమ్మా. కుండీల కోసం నువ్వు తెచ్చిందే' అన్నారు.

ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. నేను ఇంటర్నెట్ ముందు కూర్చున్నాను. యూరియా నీళ్లలో కరిగాక సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మారుస్తాయట. అది చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. మా బోరు నీళ్లలాంటి క్షారగుణం ఎక్కువున్న నీళ్లు, పైగా వేసవి వేడి... ఆ రెండూ ఉంటే విషం ఇంకా పెరుగుతుంది. పొలంలోనైతే బురదే దాన్ని పట్టి ఉంచుతుంది, వేళ్లు కొంచెం కొంచెంగా తీసుకుంటాయి. మా తొట్టిలో పట్టి ఉంచడానికి ఏముంది, రంగు రాళ్లు తప్ప?

పొద్దున ఇదంతా చెప్పాను. 'అంటే మట్టే లేని చేనుకు ఎరువేశానన్నమాట' అన్నారు. బతికిన మూడు చేపలను టబ్బులోకి మార్చి, తొట్టి ఖాళీ చేశాం.

మట్టి అనగానే, 'మన చేలో మట్టే తెప్పిద్దాం మామయ్యగారూ' అన్నాను ఉత్సాహంగా. ఆయన తల అడ్డంగా ఊపారు. 'వద్దమ్మా. దానికి ఇన్నేళ్లలో ఎన్ని మందులు కొట్టానో నాకే తెలుసు. ఆ మట్టిలో చేపలు బతుకుతాయని నేను చెప్పలేను. మా చిన్నప్పుడు ఆ చేలోనే కొర్రమీనులు పట్టేవాళ్లం.'

నాకేమనాలో తోచలేదు. కాసేపాగి ఆయనే అన్నారు: 'పెరట్లో మీ అత్తయ్య మందారాలు పెంచిన చోట మట్టి తెద్దాం. ఆవిడ ఏ మందూ పడనిచ్చేది కాదు.'

ఆదివారం వెళ్లి చిన్న బస్తాడు తెచ్చుకున్నాం. జల్లెడ పట్టి, రాళ్లూ పుల్లలూ ఏరేశాం. నీళ్లలో నానబెట్టి, తేటనీళ్లు వంచి, ఎండబెట్టి... అలా నాలుగుసార్లు చేశాం. మొదట్లోనే నీళ్లలోకి ఊరే అమ్మోనియా దీనివల్ల తగ్గుతుంది. అంగుళం మందాన మట్టి పరిచి, దానిపైన అంగుళంన్నర కడిగిన ముతక ఇసుక వేశాం. ఇసుక మీద నిమ్మరసం పిండి చూడమన్నారాయన. నురగొస్తే సున్నం ఉన్నట్టు, అది నీటిని ఇంకా గట్టిపరుస్తుంది. మట్టి మరీ మందంగా వేస్తే గాలాడక కుళ్లి, కోడిగుడ్డు వాసన వస్తుందని నేను చదివాను. 'నీళ్లు నిలిచిన మడిలో ఆ వాసన నాకు తెలుసులే' అన్నారు.

మొదటిరోజే మొక్కలు ఒత్తుగా నాటాం. రిబ్బన్లలాంటి ఆకులుండే వాలిస్‌నేరియా, వేళ్లతోనే ఎక్కువ తినే క్రిప్టోకొరైన్. అనూబియస్ మొక్కను మాత్రం చెక్కముక్కకు దారంతో కట్టాం. దాని దుంప పూడ్చిపెడితే కుళ్లిపోతుంది. నెలరోజులు చేపల్లేవు. వారానికి రెండుసార్లు సగం నీళ్లు మార్చడం, పరీక్ష మందు చుక్కలు వేసి అమ్మోనియా చూడడం, అంతే. మావాడికి ఓపిక పట్టలేదు. 'నారు పోశాక కోతకు ఎన్ని నెలలు పడుతుందో తెలుసా?' అని తాతయ్య కూర్చోబెట్టి చెప్పేవారు. అలా ఆ ఇంట్లో మాటలు మొదలయ్యాయి.

అమ్మోనియా జాడ పూర్తిగా పోయాక టబ్బులోని చేపలను వదిలాం. మూడో నెలలో లేత ఆకులు తెల్లబారాయి. నేను ఎరువు సీసాల గురించి వెతుకుతుంటే ఆయన అద్దానికి ముఖం ఆనించి చూశారు. 'ముదురాకు పసుపైతే నత్రజని తక్కువ. ఇక్కడ ముదురాకు పచ్చగానే ఉంది, లేతాకు పాలిపోయింది. ఇనుము చాల్లేదమ్మా' అన్నారు. వరి నారుమడిలోనూ ఇంతేనట. అక్వేరియంకు వాడే ఇనుము మందు తెచ్చి, సీసా మీద రాసిన మోతాదులో సగమే సిరంజితో కొలిచి వేశాం. రెండు వారాలకు కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. నత్రజని సంగతంటారా, చేపల వ్యర్థాలే సరిపోతున్నాయి.

కుండీల యూరియా డబ్బాను ఆయనే తీసి, పై అరలో మావాడికి అందకుండా పెట్టారు. దానివంక ఇప్పటికీ ఓసారి చూసి తలతిప్పుకుంటారు.

పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని తొట్టి ముందే కూర్చుంటున్నారిప్పుడు. గప్పీలు పిల్లలు పెట్టాయి. మొన్న మావాడు సీసా పట్టుకుని, 'తాతయ్యా, ఇవాళ ఎరువు వెయ్యనా?' అనడిగాడు.

'ఆకు అడిగిందా?' అన్నారాయన.

ఇద్దరూ అద్దం దగ్గరికి జరిగి, ముక్కులు ఆనించి చూడడం మొదలెట్టారు.