పాత నూలు చీర

దేశమంతటికీ పాలిస్టర్ చీరలు పంపే సూరత్‌లో చంటిబిడ్డ ఒంటికి మాత్రం మెత్తబడ్డ నూలు బట్టే కావాలి. లింబాయత్ వైపు తెలుగు నేతన్నల ఇళ్లలో అమ్మమ్మలకు ఈ సంగతి బాగా తెలుసు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల్లో మగ్గం వదిలి సాంచాల (మరమగ్గాల) పనికి వచ్చిన కుటుంబాలవి. కూతురు నీళ్లాడే రోజులు దగ్గరపడితే ఊరినుంచి వచ్చే తల్లి సంచిలో పచ్చళ్లతోపాటు పాత నూలు చీరలూ ఉంటాయి, పొత్తిగుడ్డలకు. ఎంత ఖరీదైన క్రీమూ ఆ గుడ్డకు సాటిరాదని నా నమ్మకం.

తాపీ నది, ఆ పక్కనే సముద్రం, గాలినిండా తేమ. మే నెలలో రేకుల కప్పు కింద ఒకే గది. చెమట నాళాలు మూసుకుపోయి, చెమట లోపలే చిక్కుకుని, బిడ్డ మెడ మడతల్లో, వీపు మీద చెమటకాయలు పేలుతాయి. పాలిస్టర్ గౌను చెమట పీల్చదు. జిడ్డుగా నూనె పట్టిస్తే నాళాలు ఇంకా మూసుకుంటాయి. పౌడరు దట్టిస్తే పసివాడి ఊపిరిలోకి పోతుంది. గోరువెచ్చని నీళ్ల స్నానం, మడతల్లో తడి అద్దడం, వదులు చొక్కా, కాస్త గాలి చాలు, చాలావరకు వాటంతటవే అణిగిపోతాయి. చలికాలంలో కొబ్బరినూనె మర్దన మంచిదే. పొరుగువాళ్లు చెప్పే ఆవనూనె మాత్రం వద్దు, అది పసిచర్మం పైపొరను దెబ్బతీస్తుంది. నెలల బిడ్డను సున్నిపిండితో గట్టిగా రుద్దుతుంటే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది.

గజ్జి సంగతి వేరు. వేళ్ల సందుల్లో, మణికట్ల దగ్గర మొదలై రాత్రిళ్లు నిద్రపోనివ్వని దురద. కంటికి ఆనని పురుగు చర్మంలో దూరి గుడ్లు పెడుతుంది. మురికివల్ల వచ్చిందని తల్లిని తిట్టడం అన్యాయం. ఇరుకు గదిలో ఒకరినొకరు ఆనుకుని పడుకుంటే ఎవరికైనా అంటుతుంది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల్లో చేర్చింది. డాక్టరు రాసిన పర్మెత్రిన్ క్రీము బిడ్డకొక్కడికే పూస్తే లాభం లేదు. అవ్వ, బాబాయి, రాత్రిపాళీకి వెళ్లే నాన్న, దురద ఉన్నా లేకున్నా అందరూ ఒకే రోజు పూసుకోవాలి, వారానికి మళ్లీ పూసుకోవాలి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. పాళీ పేరు చెప్పి నాన్న తప్పించుకుంటే, ఆయన నుంచే బిడ్డకు తిరిగొస్తుంది. పురుగు చచ్చాక కూడా కొన్ని వారాలు దురద ఉండవచ్చు, కంగారుపడి మందు మార్చక్కర్లేదు. కార్పొరేషన్ నడిపే తెలుగు మీడియం బడుల్లో ఈ మాటలు పిల్లలకు చెప్పి ఇళ్లకు పంపితే ఎంత మేలు!

నన్ను నిజంగా భయపెట్టేది మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే ట్యూబు. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలగలిపిన క్రీములు అవి. తామరకు రాస్తే ఎరుపు, దురద చప్పున తగ్గుతాయి, కింద ఫంగస్ పాకుతూనే ఉంటుంది. డయాపర్ కింద రాస్తే మందు ఒంట్లోకి మరింత ఇంకుతుంది, చర్మం పల్చబడుతుంది. చీటీ లేకుండా పలు స్టెరాయిడ్ పూతమందులు అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. అడిగేవాళ్లం మనమూ ఆగాలి.

పొక్కుల్లో చీము పట్టినా, తేనెరంగు పక్కు కట్టినా, జ్వరం తగిలినా ఇంటివైద్యం చాలించాలి. అలా ముదిరిన గజ్జిపుండ్లు ఒక్కోసారి మూత్రపిండాలదాకా పోతాయి. కార్పొరేషన్ వారి స్మిమేర్ ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు అప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ, ఖాళీవి సైతం, సంచిలో వేసుకెళ్లాలి. గుజరాతీ రాని తల్లి చెప్పలేని సగం సంగతి డాక్టరుకు వాటివల్లే తెలుస్తుంది.