చూశాను, బాగుంది

మూడో సంవత్సరం మినీ ప్రాజెక్టు రోజుల సంగతి ఇది. మా రూమ్మేట్‌ది తణుకు దగ్గర పల్లెటూరు. వాళ్ళ నాన్నగారికి చిన్న కోళ్ళ షెడ్డు ఉంది. వానాకాలంలో జల్లు కొట్టకుండా పరదాలు దించేస్తే లోపల రెట్టలోంచి వచ్చే అమ్మోనియా పేరుకుపోతుంది. మనిషి ముక్కు ఆ వాసనకి అలవాటుపడిపోతుంది. కోళ్ళ కళ్ళు మాత్రం దెబ్బతింటాయి. "గ్యాస్ ఎక్కువైతే నాన్న ఫోన్‌కి మెసేజ్ వెళ్ళాలి. అంతేరా" అన్నాడు మావాడు. అదే మా ప్రాజెక్టు.

ఓ చిన్న లైనక్స్ బోర్డు, ఒక గ్యాస్ సెన్సర్, ఒక బ్యాటరీ. ఈ రకం సెన్సర్లో హీటర్ ఉంటుంది. అది వేడెక్కితేనే సరైన రీడింగ్ వస్తుంది. కరెంటు ఎక్కువగా తినేదీ అదే. అందుకని అరగంటకోసారి హీటర్ని లేపి, కాసేపు వేడెక్కనిచ్చి, రీడింగ్ తీసుకుని మళ్ళీ పడుకోబెట్టాలి. ఆ పని చేసే కెర్నెల్ డ్రైవర్ మావాడే రాశాడు. 180 లైన్లు.

కెర్నెల్ వాళ్ళ పద్ధతిలోనే చేద్దామనుకున్నాం. అక్కడ ఇంకొకరు ప్యాచ్ చదివి, కింద "రివ్యూడ్ బై" అని తన పేరు పెడతారు. నేను పరిశీలించాను, పెద్ద లోపాలేవీ మిగల్లేదని నమ్ముతున్నాను అని దానర్థం. అది గ్యారంటీ కాదు గానీ, ఇచ్చిన మాటే.

మావాడు నన్ను చూడమన్నాడు. మర్నాడు నాకు ఇంటర్నల్ పరీక్ష. రాత్రి పదకొండున్నరకి పైనుంచి కిందికి ఒకసారి స్క్రోల్ చేశాను. లైన్లు ముచ్చటగా ఉన్నాయి. "చూశాను, బాగుంది మావా" అని పేరు పెట్టేశాను. మొత్తం రెండు నిమిషాలు పట్టి ఉంటుంది.

షెడ్డులో పెట్టాక మొదటి వారం బాగానే నడిచింది. రెండో వారం ఓ వాన రాత్రి బ్యాటరీ అయిపోయింది. మెసేజ్ రాలేదు కాబట్టి లోపల గాలి బాగానే ఉందనుకుని ఆయన పరదాలు ఎత్తలేదు. తెల్లారి లోపలికెళ్తే కళ్ళు మండిపోయాయట. కోళ్ళు కళ్ళు మూసుకుని ముడుచుకుని ఉన్నాయట. చచ్చిపోలేదు గానీ కొన్నాళ్ళు మేత తినలేదు, గుడ్లు తగ్గాయి. ఆయన ఫోన్లో తిట్టలేదు. "పర్లేదు అబ్బాయ్, ఇంక నేనే చూసుకుంటాలే" అన్నారు. తిట్టినా బాగుండేది. మావాడు రెండు రోజులు మెస్సుకే రాలేదు.

బ్యాటరీదే తప్పనుకుని పాకెట్ మనీతో కొత్తది కొన్నాడు. ల్యాబ్ టేబుల్ మీద అదీ అలాగే దిగిపోయింది. ఓ సాయంత్రం నేను ఊరికే ఆ డివైజ్ రన్‌టైమ్ స్టేటస్ ఫైల్ తెరిచి చూశాను. "సస్పెండెడ్" అని ఉండాలి. "యాక్టివ్" అని ఉంది.

లైనక్స్‌లో రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్ ఒక లెక్క మీద నడుస్తుంది. డివైజ్ కావాల్సినప్పుడు లెక్క ఒకటి పెంచాలి, పనయ్యాక ఒకటి తగ్గించాలి. సున్నా అయితేనే అది నిద్రపోతుంది. మన రీడింగ్ రూమ్ రిజిస్టర్ లాంటిదే. లోపలికొచ్చేటప్పుడు సంతకం పెట్టి, వెళ్ళేటప్పుడు పెట్టకుండా ఎవడైనా కిటికీ దూకి పోతే? లోపల ఇంకా ఒకడున్నాడనుకుని తెల్లార్లూ లైట్లు వెలుగుతూనే ఉంటాయి.

మా డ్రైవర్లో ఆ కిటికీ ఉంది. రీడింగ్ ఫెయిలైతే లెక్క తగ్గించకుండానే ఎర్రర్ ఇచ్చి బయటికొచ్చేస్తోంది. ఓ వైరు వదులై ఒక్కసారి రీడింగ్ తప్పితే చాలు, హీటర్ ఇక నిద్రపోదు. ఒకే ఒక్క లైను. ఆ రాత్రి నా కళ్ళ ముందునుంచే పైకి జారిపోయింది.

"నాకు దొరికిందిరా" అని హీరోలా చెప్పేయొచ్చు. కానీ లాగ్ తెరిస్తే వాడి పేరు కిందే నా పేరు. ఆ రాత్రి హాస్టల్ డాబా మీద చెప్పేశాను. "నేను చదవలేదురా. ఊరికే పేరు పెట్టాను."

కాసేపు వాడేం మాట్లాడలేదు. "తప్పు రాసింది నేనే కదా" అన్నాడు. తర్వాత మెల్లగా, "నువ్వు బాగుందన్నావని ఆ ఫంక్షన్ మళ్ళీ చూడలేదురా. ఇన్ని రోజులూ బ్యాటరీనే అనుమానించా" అన్నాడు.

రెండో వెర్షన్ మళ్ళీ నాకే ఇచ్చాడు. మూడు గంటలు కూర్చున్నాను. అంతా సవ్యంగా జరిగే దారి వదిలేసి, ప్రతి కాల్ దగ్గరా "ఇది ఫెయిలైతే?" అని అడుగుతూ చదివాను. ఇంకో కిటికీ దొరికింది. మేం వాడిన "గెట్ సింక్" ఫంక్షన్, డివైజ్ లేవకపోయినా లెక్క పెంచేస్తుంది. చాలామంది అక్కడే పడుతున్నారని 2020లో కెర్నెల్లో "రిజ్యూమ్ అండ్ గెట్" చేర్చారు. ఫెయిలైతే అదే లెక్క దించేస్తుంది. దాన్ని పెట్టించాను. ఇంకొకటి కోడ్‌కి బయటిది. మా మిషను చచ్చిపోయినా, గాలి బాగున్నా ఆయనకి తెలిసేది ఒకటే: మెసేజ్ రాకపోవడం. అందుకని రోజూ పొద్దున్న ఆరింటికి "బాగానే ఉన్నాను" అని మెసేజ్ పెట్టించాం.

మీ ఫ్రెండ్ ఎవరైనా కోడ్ చూడమంటే, టైమ్ లేకపోతే లేదని చెప్పండి. వాడేం అనుకోడు. చదవకుండా బాగుందంటే మాత్రం, వాడు రెండోసారి చూసుకునే అవకాశం మీరు తీసేసినట్టే.

మిషను మళ్ళీ షెడ్డుకి వెళ్ళింది. మొదటి నెల ఆయన దాన్ని పట్టించుకోలేదు. ఓ రోజు సిగ్నల్ లేక ఆరింటి మెసేజ్ ఆలస్యమైంది. ఆరుంపావుకి మావాడి ఫోన్ మోగింది.

"ఏరా అబ్బాయ్, మీది ఇవాళ ఇంకా లేవలేదేంటి?"